పద్దెనిమిది డిగ్రీల నలుపు

సాయినాథ్ ఇంట్లో పిల్లుల్ని చూసుకునే ఆండాలు, రెండుసార్లు బహుమతి గెలిచిన డచెస్ అనే హిమాలయన్ పిల్లిని గుట్టుగా దాటించేసి, దాని స్థానంలో ఒంటిమీద నల్లమచ్చ ఉన్న సంకరజాతి పిల్లిని పెట్టిందన్నది ఎల్బీనగర్‌లోని ఆ కాలనీలో అందరూ నమ్మిన మాట. ఎక్కడికి దాటించిందన్న విషయంలో కొంత వాదన ఉండేది. ఇస్త్రీ బండి దగ్గర హయత్‌నగర్ అనీ, జిమ్ములో బెంగళూరు అనీ అనుకునేవారు. తేదీ విషయంలో మాత్రం వాదన లేదు. సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం. ఉదయం ఏడూ పదికి ఆండాలు పిల్లి బుట్ట పట్టుకుని గేటు దాటడమూ, పదీ ఇరవైకి అదే బుట్టతో తిరిగి రావడమూ కెమెరాలో పడ్డాయి. మూడు గంటల పది నిమిషాలు. ఒక పిల్లిని ఇచ్చి ఇంకో పిల్లిని తెచ్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

అరుణజ్యోతి ఆ వీడియోను నాలుగుసార్లు చూసింది. బుట్ట వెళ్ళింది, బుట్ట వచ్చింది. లోపల ఏముందో కెమెరాకు తెలియదు, కాలనీకీ తెలియదు. తెలియని చోట నమ్మకం వచ్చి కూర్చుంది. నమ్మకాల మీద ఆమెకు పెద్ద పేచీ లేదు; పరీక్షించకుండా తెచ్చి ఒక మనిషి మెడకు కట్టే నమ్మకం మీదే ఆమెకు ఒళ్ళుమంట. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్ళు వెంట్రుకలూ నెత్తుటి మరకలూ పరీక్షించి, స్వచ్ఛందంగా విరమించి, చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో సొంత పరిశోధన కార్యాలయం పెట్టుకున్నది ఆ మంటతోనే.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఎదురు కుర్చీ అంచున ఆండాలు కూర్చుని ఉంది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు. అందులో ఆరేళ్ళు సాయినాథ్ పిల్లుల గదిలోనే గడిచాయి. సాయంత్రం అయిదింటికి ఎస్సై అంబిక ఆమె మీద దొంగతనం కేసు నమోదు చేస్తుంది. ఆండాలు కూతురు పల్లవి నర్సింగ్ చదువుతోంది. తల్లి దొంగ అన్న కాగితం ఒకటి స్టేషన్లో పుట్టాక ఆ అమ్మాయికి ఏ దవాఖానలో ఉద్యోగం ఇస్తారన్నదే ఆండాలు బెంగ. తన జైలు గురించి ఆమె ఒక్కమాట కూడా అడగలేదు.

"తొమ్మిదో తారీకు పిల్లిని బయటికి తీసుకుపోయినవా?"

"పోయిన మేడం."

"ఎక్కడికి?"

"మా రూముకు. రెండు గల్లీలవతల."

"ఎందుకు?"

"రాత్రి ఏసీ ఆగిపోయింది. పొద్దుగాల నేను వొయ్యేసరికి నోరు తెరుసుకొని ఎగపోస్తున్నది. దాని ముక్కు ముఖంలకు నొక్కుకపోయి ఉంటది గద, గాలాడది. గట్లుంటెనే మంచి జాతంట! సారుకు ఫోన్ జేస్తె ఎత్తలే. మా రూముల కూలరున్నది. నీళ్ళు వోసి దాని ముందట పండవెట్టిన. మెకానిక్ వచ్చిండని వాచ్‌మెన్ ఫోన్ జేస్తె మల్ల తీస్కవొయిన."

"ఈ మాట పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. పిల్లికి కూలరా అని నవ్విన్రు."

ప్రతి ప్రశ్నకూ జవాబు వెంటనే వస్తోంది. అరుణజ్యోతి కలం పక్కన పెట్టింది.

"దాని ఎడమ డొక్క మీద నల్లమచ్చ ఎప్పటి నుంచి ఉంది?"

 గోడ గడియారంలో ముల్లు పదిహేను సెకన్లు నడిచింది. కింద తరగతిలో ఎవరో గమన నియమాలు వల్లెవేస్తున్నారు.

"నాకు ఎరుక లే మేడం" అంది చివరికి. అలా అంటున్నప్పుడు ఆమె చెయ్యి తెలియకుండానే తన ఎడమ పక్కకు పోయి, పొత్తికడుపు పైన ఆగింది.

"ఒట్టు పెట్టించిండా మీ సారు?"

ఆండాలు తల వంచుకుంది. "బిడ్డ మీద."

ఒట్టు తప్పినంత మాత్రాన ఎక్కడో హాస్టల్లో ఉన్న పిల్లకు తలనొప్పి కూడా రాదని అరుణజ్యోతికి తెలుసు. ఆ ముక్క చెప్పబోయి ఆగింది. దొంగ అని ఊరంతా అంటున్నా, ఆ మాట పుట్టించిన వాడికే ఇచ్చిన మాటను ఈ మనిషి నిలబెట్టుకుంటోంది. ఆ మాట విలువ ఒట్టులో లేదు, మనిషిలో ఉంది.

"సరే ఆండాలమ్మా. నువ్వు చెప్పొద్దు. నేనూ అడగను. పిల్లినే అడుగుతా."

మూడు గంటలకు ఆమె సాయినాథ్ ఇంటి ముందు ఆటో దిగింది. గేటు దగ్గర ఒక కారు వెనక తలుపు తెరిచి ఉంది. సీటు మీద పిల్లి బుట్ట.

"ఎక్కడికి?" అని డ్రైవర్‌ని అడిగింది.

"హయత్‌నగర్ అవతల ఫామ్‌హౌస్ మేడం. అయిదు దాటినంక తీస్కపొమ్మన్నరు."

సాయినాథ్ తాతలది అల్మాస్‌గూడలో వ్యవసాయం. ఆ పొలాలు ప్లాట్లయ్యాక మనవడు పిల్లుల్లోకి దిగాడు. పట్టు లాల్చీ, మెడలో రుద్రాక్ష, చేతిలో రెండు ఫోన్లు. అతని పక్కన సోఫాలో ట్యాబ్ పట్టుకుని ప్రసన్నకుమార్ కూర్చున్నాడు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న మాజీ పోలీసు. కెమెరా వీడియో తవ్వి తీసింది ఇతనే.

"రండి మేడంగారూ. అంతా తేలిపోయాక వచ్చారు" అన్నాడు. "మళ్ళీ మైక్రోస్కోపు తెచ్చారా ఏంటి?"

"తెచ్చాను. మీరు నోట్‌బుక్ తెచ్చుకున్నారా?"

"అది లేకుండా నేను స్నానానికి కూడా వెళ్ళనండి."

"అయితే రాసుకోండి. సాయినాథ్‌గారూ, పిల్లి తొమ్మిదిన మారిందంటారు. మీకు తెలిసిందెప్పుడు?"

"పద్నాలుగున, పిల్లుల షోల. జడ్జి బొచ్చు దువ్వంగనే నల్లమచ్చ బయటపడ్డది. స్టాండర్డ్‌కు విరుద్ధం అని పక్కకు పెట్టిన్రు. నా దగ్గర పిల్లలు తీసుకున్నోళ్ళు అక్కడనే ఉన్నరు. మా పిల్లల తల్లి ఇదేనా, మా పెడిగ్రీ కాగితాలు చెల్లుతయా అని మీదికొచ్చిన్రు. అప్పుడు సమజైంది, ఇది నా డచెస్ కాదని."

"మీ డచెస్‌కు ఎప్పుడైనా బొచ్చు గొరిగించారా?"

"షో పిల్లికి బొచ్చు గొరుగుతరా మేడం? ఒక్క వెంట్రుక గూడ కత్తిరియ్యం."

"ఆపరేషన్ ఏదైనా?"

"దానికి జరమొచ్చింది గూడ ఎరుగం."

"రాశారా ప్రసన్నకుమార్‌గారూ?"

"అక్షరం పొల్లుపోకుండా."

"ఒంట్లో గుర్తింపు మైక్రోచిప్?"

"అదొక్కటి ఎయ్యలే" అన్నాడు సాయినాథ్, ఫోన్ వైపు చూస్తూ.

పిల్లుల గది రెండో అంతస్తులో ఉంది. తలుపు తీయగానే ఉడికిన గాలి ముఖానికి కొట్టింది. కిటికీ అద్దాలు బిగించి ఉన్నాయి. గోడ మీద ఏసీ, దాని పక్కన ప్లాస్టిక్ పెట్టెలో తాళం వేసిన రిమోట్, పైన పెద్ద అక్షరాలతో కాగితం: పద్దెనిమిది. ముట్టుకోరాదు. ఏసీ అంచున మెకానిక్ అంటించి పోయిన చీటీ ఉంది. సెప్టెంబరు తొమ్మిది, ఉదయం పదీ అయిదు, కంప్రెసర్ పోయింది, కొత్తది వేయాలి. అరుణజ్యోతి ఆ చీటీని ఫొటో తీసుకుంది. కూలర్ కథ చెప్పిన మనిషిని చూసి నవ్వినవాళ్ళు ఈ మెట్లెక్కి ఈ చీటీ చదివే శ్రమ పడలేదు.

ఎదురు గోడ నిండా ఫ్రేములు. నడిమధ్యన ఈ జాతి పిల్లి ఎలా ఉండాలో చెప్పే బ్రీడ్ స్టాండర్డ్ అచ్చువేయించి పెట్టారు. ఒళ్ళంతా మచ్చలేని పాలమీగడ రంగు. ముఖం, చెవులు, కాళ్ళు, తోక మాత్రం ముదురు నలుపు. ముక్కు కళ్ళ మధ్యకు నొక్కుకుపోయి ఉండాలి. ఊపిరి ఆడాలన్న నిబంధన ఎక్కడా కనిపించలేదు. దాని పక్కన మూడేళ్ళలో అయిదు ఈతల ఫ్రేములు, చివరన ఆరోది: జననం జూలై ఇరవై, తల్లి డచెస్ ఆఫ్ అల్మాస్‌గూడ, తండ్రి కూడా అదే రంగు హిమాలయన్. కింద రెండు రోజుల వయసులో తీసిన ఫొటోలో అయిదు పిల్లలు. మూడు తెల్లవి, రెండు నల్లవి. అరుణజ్యోతి ఆ ఫొటో ముందు అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు నిలబడింది.

దువ్వెన బల్ల మీద టాల్కం పౌడర్ డబ్బాలు మూడు. తలుపు వెనక మేకుకు ఒక పల్చటి గులాబీ రంగు గౌను, దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద దొరికే చంటిపిల్లల గౌనును కత్తిరించి పిల్లికి సరిపడా కుట్టినది. ఆమె దాన్ని లోపలివైపు తిప్పింది. ఎడమ పక్కన అరచేయంత మేర ఎండిన గోధుమరంగు మరక. వాసన చూసింది. అయోడిన్. చేతి తొడుగు వేసుకుని గౌనును ఒక కవరులో పెట్టింది.

పిల్లి మూలన గచ్చు మీద పొట్ట ఆనించి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఎంత విలువైన ప్రాణి అయినా ఈ ఇంట్లో దాని విలువ నిలబడేది రిబ్బన్ వచ్చినన్నాళ్ళే. అరుణజ్యోతి కిటికీ బార్లా తెరిచింది.

"దుమ్మొస్తది మేడం!" అన్నాడు సాయినాథ్.

"రానివ్వండి. గాలి కూడా వస్తుంది."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎస్సై అంబిక ఆండాలును వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగూ పది. వాళ్ళు గడప లోపలికి అడుగుపెట్టగానే పిల్లి లేచి, తూలుతూ వెళ్ళి ఆండాలు పాదాల మీద పడుకుంది.

"చూసిన్రా?" అన్నాడు సాయినాథ్. "కొత్త పిల్లికి ఎంత అలవాటు చేసిందో!"

"మేడం, నాకు అయిదింటికి కాగితం కావాలె" అంది అంబిక అరుణజ్యోతితో. "మీ దగ్గర ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పున్రి."

"ఇక్కడే ఉంది. ఆండాలమ్మా, దాన్ని ఆ బల్ల మీద పడుకోబెట్టు. ఎడమ పక్క పైకి."

పాలమీగడ రంగు ఒంటి మీద అరచేతి వెడల్పున నల్లని బొచ్చు. అరుణజ్యోతి స్పిరిట్‌లో ముంచిన దూదితో గట్టిగా రుద్ది చూపించింది. దూదికి అంటింది తెల్లని పౌడరే. "రంగు వేసింది కాదు. ఇప్పుడు అంచులు చూడండి. నాలుగు వైపులా కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి. పుట్టుమచ్చకు మూలలుండవు ప్రసన్నకుమార్‌గారూ. ట్రిమ్మర్‌కు ఉంటాయి."

"గొరిగారనే అనుకుందాం" అన్నాడు ప్రసన్నకుమార్, ముందుకు వంగి. "అయితే మాత్రం? గొరిగిన చోట అదే రంగు మొలవాలి కదండీ. నేను ముప్పై ఏళ్ళుగా గడ్డం గీస్తున్నాను. ఒక్కరోజైనా ఎర్రగడ్డం రాలేదే! తెల్లపిల్లికి తెల్లబొచ్చే వస్తుంది. నల్లగా వచ్చిందంటే ఇది వేరే పిల్లే."

"మీ గడ్డానికి చలీ ఎండా ఒకటే. ఈ జాతి పిల్లి బొచ్చుకు కాదు. దాని ఒంట్లో నల్లరంగు తయారుచేసే పదార్థం ఒక లోపంతో పుడుతుంది. వెచ్చగా ఉంటే పనిచేయదు, చల్లబడితే పనిచేస్తుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక మిగతా ఒంటికన్నా చల్లగా ఉంటాయి, అందుకే నలుపు. డొక్క మీద బొచ్చు దుప్పటిలా కప్పి ఉంటుంది, అందుకే తెలుపు. ఆ దుప్పటి గొరిగేసి, పద్దెనిమిది డిగ్రీల గదిలో రాత్రింబవళ్ళు ఉంచితే, ఆ చర్మం మీద మొలిచేది నల్లబొచ్చే."

"చెప్పడానికి బాగానే ఉంది. రుజువు?"

ఆమె రెండు వేళ్ళతో నల్లబొచ్చును పాయతీసింది. ఎస్సై టార్చి వేసింది. పైనంతా నలుపు, కుదుళ్ళ దగ్గర మాత్రం సన్నటి తెల్లని గీత.

"సంకరజాతి మచ్చయితే కుదురు దాకా నల్లగా ఉండాలి. ఇక్కడ బొచ్చు తిరిగి ఒత్తుగా కప్పుకుంది, ఏసీ మూడు వారాల కిందట ఆగింది, చర్మం వెచ్చబడింది, తెలుపు మళ్ళీ మొదలైంది. ఆ తెల్లగీత కిందే ఇంకో గీత ఉంది, చూడండి."

చర్మం మీద బొటనవేలంత పొడవున మానిన కోత, దాని రెండు పక్కలా కుట్ల చుక్కలు.

సాయినాథ్ ఒక ఫోన్ జేబులో పెట్టుకుని రెండోది తీశాడు. "గదే నేను చెప్పేది! నా డచెస్‌కు ఆపరేషనే కాలే. దీనికి అయింది. అంటే ఇది నాది కాదు!"

"మంచి మాటన్నారు" అంది అరుణజ్యోతి. ఆమె గొంతు పెరగలేదు గాని, ఆమెను ఎరిగినవాళ్ళయితే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. "ప్రసన్నకుమార్‌గారూ, అసలు పిల్లికి మచ్చ లేదని చూపించడానికి ఈయన పెట్టిన పాత వీడియోలన్నీ మీరు ట్యాబ్‌లో దాచారు కదా. తేదీల వారీగా తిప్పండి."

ఫిబ్రవరి. ఒళ్ళంతా తెలుపు. మార్చి, అలాగే. ఏప్రిల్ పన్నెండు. పిల్లి పుట్టినరోజు, కేకు, గులాబీ గౌను. ఏప్రిల్ ఇరవై, గౌను. మే నెలంతా గౌను. జూన్, గౌను. ప్రసన్నకుమార్ వేలు తెర మీద నెమ్మదించింది.

"రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో, ఒక్క వెంట్రుక నలగకూడని షో పిల్లికి మూడు నెలలు గౌను ఎందుకు వేశారండీ?" అని అతనే అడిగాడు, సాయినాథ్ వైపు తిరిగి.

"పిల్లికి... పుట్టినరోజని..."

"మూడు నెలలా?"

అరుణజ్యోతి కవరు పైకెత్తింది. "ఇదే గౌను. లోపల అయోడిన్ మరక. గౌనును పిల్లి మీద ఆనించి చూస్తే ఈ మచ్చ మీదికే వస్తుంది. అంటుకునే వెల్క్రో పట్టీలో గొరిగిన తెల్లబొచ్చు ముక్కలు ఇరుక్కున్నాయి. వాటిదీ ఈ పిల్లిదీ డీఎన్ఏ ఒకటో కాదో ల్యాబు చెబుతుంది. ఏప్రిల్‌లో ఈ గౌనులో కేకు ముందు కూర్చున్నది మీ డచెస్ అని మీరే ఊరంతా పంచారు. ఆపరేషన్ అయింది దానికే."

సాయినాథ్ చేతిలోని ఫోన్ దించాడు.

"అయితే అయింది!" అని అరిచాడు సాయినాథ్. "నా పిల్లి, నా ఇష్టం. గడ్డ అయింది, తీయించిన. అది నేరమా?"

"కాదు" అంది అరుణజ్యోతి. "డొక్క మీద ఆ చోట కోసేది గర్భసంచి కోసం, ఈతల పిల్లికి అది తీసేది చీముపడితేనే. మూడేళ్ళలో అయిదు ఈతలు వేయించి, చీముపట్టేదాకా ఆగి గర్భసంచి తీయించడం నేరమని ఏ చట్టంలో ఉందో నేను వెతకాలి. కానీ ఆ గోడ మీద ఫ్రేము చూడండి ఎస్సైగారూ. గర్భసంచి లేని తల్లి జూలై ఇరవైన అయిదు పిల్లల్ని కన్నది. పైగా తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ రంగు జాతే అయితే, పిల్లలన్నీ తెల్లగా పుట్టాలి. కడుపులో అంతటా వెచ్చనే కదా. ఆ ఫొటోలో రెండు రోజులకే నల్లగా ఉన్న ఆ రెండూ ఎక్కడివి? పౌడర్‌తో దాచిన మచ్చను జడ్జి బయటపెట్టగానే కొన్నవాళ్ళు తల్లి సంగతి అడిగారు. ఆపరేషన్ అని ఒప్పుకుంటే కాగితాలన్నీ దొంగవని తేలుతుంది. దానికన్నా పనిమనిషిని దొంగను చేయడం సులువనిపించింది. అయిదు దాటాక ఈ పిల్లి ఫామ్‌హౌస్‌కు పోతే, రేపటి నుంచి రుజువు కూడా ఉండదు."

ప్రసన్నకుమార్ నోట్‌బుక్‌లో ఆ పేజీ తెరిచి, సాయినాథ్ ముఖానికి దగ్గరగా పట్టాడు. ఒక్క వెంట్రుక గూడ కత్తిరియ్యం. జరమొచ్చింది గూడ ఎరుగం.

"నా చేతిరాతతో నాచేత అబద్ధం రాయించారండీ మీరు" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇరవై రెండేళ్ళు యూనిఫాం వేసుకున్నాను. ఒక ఆడకూతురి మీద నాచేత దొంగముద్ర వేయిస్తారా?" ఆ పేజీ చింపి ఎస్సై చేతికిచ్చాడు.

అంబిక కిటికీలోంచి కిందికి కేకేసింది. "డ్రైవర్! కారు తాళం కానిస్టేబుల్‌కు ఇయ్యి. బుట్ట పైకి తే." తర్వాత ఆండాలు వైపు తిరిగింది. "ఆండాలమ్మా, ఈ ఆపరేషన్ సంగతి నీకు ముందే ఎరుకేనా?"

ఆండాలు అరుణజ్యోతి వైపు చూసింది. ఆమె చెయ్యి పిల్లి చెవుల మధ్య ఆగిపోయింది.

"ఆమెను అడగొద్దు" అంది అరుణజ్యోతి. "ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది పిల్లి."

"నా బిడ్డకు అడ్డమొచ్చే కాగితం..." అంది ఆండాలు. పిల్లిని దగ్గరికి తీసుకుంది.

"పుట్టదు ఆండాలమ్మా" అంది అంబిక. "పుట్టే కాగితం వేరేది."

సాయినాథ్ ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు. అవతల ఎవరూ ఎత్తడం లేదు. అంబిక బల్ల మీద పౌడర్ డబ్బాలు పక్కకు జరిపి, ఫైలు తెరిచి, తాను రాసి తెచ్చుకున్న ఫిర్యాదు కాగితాన్ని కొట్టివేసింది. టైము వేసింది: నాలుగూ యాభై రెండు. "చెప్పున్రి మేడం. కాలనీలోళ్ళకు గూడ సమజయ్యేటట్టు చెప్పున్రి."

అరుణజ్యోతి చెప్పింది, అంబిక రాసింది: సెప్టెంబరు తొమ్మిదిన ఈ ఇంట్లో ఏ పిల్లీ మారలేదు. ఏప్రిల్‌లో ఆపరేషన్ కోసం గొరిగిన చోట, పద్దెనిమిది డిగ్రీల గదిలో, ఆ పిల్లికే నల్లబొచ్చు మొలిచింది.